కాగితం ఫిల్టరు తీసిందెవరు

"కడిగేదా, కడగకూడనిదా?" అని అడిగాడు షాపువాడు.

చిన్నల్లుడు నీళ్ళు నమిలాడు. తడీ పొడీ రెండూ పీల్చే వాక్యూమ్ మిషన్‌కి ఫిల్టరు కొనడమంటే ఇన్ని ప్రశ్నలుంటాయని అతనెప్పుడూ అనుకోలేదు. ఎందుకనుకుంటాడు? పన్నెండేళ్ళపాటు ఆ తలనొప్పంతా పెద్దల్లుడే పడ్డాడు, ఆయన మానేశాక కూడా ఆయన కొనిపెట్టిన నిల్వే ఇన్నాళ్ళూ సరిపోయింది. ఇద్దరూ ఒకే ఇంటి అల్లుళ్ళు, అక్కాచెల్లెళ్ళ మొగుళ్ళు. కొత్తగా కట్టిన ఇళ్ళనీ, షాపులనీ, మేస్త్రీలు వెళ్ళిపోయాక శుభ్రం చేసిచ్చే పని కలిసి మొదలుపెట్టారు. మామగారు ఇంట్లో పిలిచిన పిలుపులే పనిలోనూ ఖాయమైపోయాయి.

చేసేదేం లేక పెద్దల్లుడికి ఫోన్ చేశాడు.

"దేనికి? గోడలు గీకిన పుట్టీ దుమ్ముకా?" అవతల గొంతు ఒక్కసారిగా హుషారైంది. "అయితే మడతలున్న కాగితంది, బాగా సన్న దుమ్ము ఆపే రకం తీసుకో. దాన్ని కడగొద్దు, మెత్తటి బ్రష్షుతో దులుపు. నీలాగా గోడకేసి బాదితే మడతలు చిరుగుతాయి. కడిగే రకమే కొనేటట్టయితే రెండు కొను. ఒకటి నీడలో రోజంతా ఆరుతుంటే రెండోది వాడుకోవచ్చు. పైకి ఆరినట్టే కనిపిస్తుంది, నమ్మకు. మడత లోపల వేలు పెట్టి చూడు. నీళ్ళు పీల్చేటప్పుడు మాత్రం కాగితంది తీసేసి ఫోమ్ తొడుగు వెయ్యి."

పుస్తకం చూసి చదివినా ఇంత బాగా రాదు. చిన్నల్లుడు మనసులో దణ్ణం పెట్టుకునేలోపే ఆయన గొంతు తగ్గించాడు.

"అయినా తమ్ముడూ, షాపువాణ్ణి కూడా ఇంకోసారి అడుగు. నా మాట మీద కొనకు. నా బుర్ర సంగతి నీకు తెలుసుగా."

ఆ బుర్రకి ఏమీ కాలేదు. ఆ సంగతి ఈ భూమ్మీద తెలిసినవాడు చిన్నల్లుడొక్కడే. కాగితం ఫిల్టర్లు రెండు తీసుకుని, ఆ రోజు పని ఒప్పుకున్నవాళ్ళకి రాలేనని ఫోన్ చేసి చెప్పి, వ్యాను పెద్దల్లుడి ఇంటివైపు తిప్పాడు. రెండేళ్ళుగా రేపు రేపంటూ దాటేసిన మాట ఇవాళ చెప్పేయాలి.

జరిగింది ఇంతే. రెండేళ్ళ క్రితం ఒక కళ్ళద్దాల షాపు శుభ్రం చేస్తున్నారు. గోడల పుట్టీ గీకించగా రాలిన తెల్ల దుమ్ము చీలమండల దాకా ఉంది. యజమానికి మా చెడ్డ తొందర. వద్దన్నా వినకుండా సగం అద్దాలు అప్పటికే బీరువాల్లో సర్దించాడు, అద్దాలు అరగదీసే కొత్త మిషన్ పక్కగదిలో బిగించాడు. పెద్దల్లుడు పొద్దున్నే కాగితం ఫిల్టరు బిగించి, తన అలవాటు ప్రకారం దాని అంచు మీద ఆ రోజు తేదీ రాశాడు. మధ్యాహ్నం ఆయన చెత్తబస్తాలు వ్యానులో వేస్తున్నప్పుడు ఇక్కడ ఎవరో బకెట్టు తన్నేశారు. చిన్నల్లుడు కాగితం ఫిల్టరు తీసి, ఫోమ్ తొడిగి, నీళ్ళన్నీ పీల్చేశాడు. డబ్బా వంపేసి తుడిచాడు కూడా. ఇంతవరకూ అంతా పద్ధతి ప్రకారమే చేశాడు, మెచ్చుకోవాల్సిందే.

ఆ తర్వాత ఫోమ్ తీసి కాగితంది మళ్ళీ బిగించాలి. అప్పుడే టీ వచ్చింది. కాగితం ఫిల్టరు తడవకూడదని వ్యానులో సీటు వెనక పెట్టొచ్చి, మూత మూసేసి, గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు. మూత పెట్టాక లోపల ఏ ఫిల్టరుందో పైకి కనబడదు కదా!

పెద్దల్లుడు వచ్చి, మిగిలిన దుమ్ము కోసం స్విచ్ వేశాడు. ఫోమ్‌కి అంత సన్న దుమ్ము ఆగుతుందా? ముందునుంచి పీల్చిందంతా వెనకనుంచి ఊదేసింది. రెండు నిమిషాల్లో బీరువాలూ, అద్దాలూ, పక్కగదిలో కొత్త మిషనూ, ఆ మిషన్ మీద చెయ్యేసి నిలబడ్డ యజమానీ, అందరూ తెల్లబడ్డారు.

పెద్దల్లుడు మూత తీసి చూశాడు. నల్ల ఫోమ్.

"కాగితందే పెట్టానే పొద్దున," అన్నాడు. కాసేపాగి, "పెట్టానా?" అన్నాడు.

అప్పుడే చెప్పాల్సింది. నోరు తెరిస్తే నాలుగు ముక్కలు. కానీ యజమాని కేకలేస్తున్నాడు. ఇంటికెళితే తన భార్య "మా బావని చూసి నేర్చుకో" అని వెయ్యిన్నొకటోసారి అంటుంది. చిన్నల్లుడు కిమ్మనలేదు. వ్యానులో చెబుదామనుకున్నాడు. వ్యానులో పెద్దల్లుడు సీటు వెనకనుంచి ఆ కాగితం ఫిల్టరు తీసి ఒళ్ళో పెట్టుకుని, దారంతా దాని మీద తన చేతిరాతే చూసుకుంటూ కూర్చున్నాడు. సరే, రేపు చెబుదామనుకున్నాడు. పిరికివాళ్ళ రేపు ఎంత పొడుగుంటుందో వేరే చెప్పాలా?

పెద్దల్లుడి వాళ్ళ నాన్నకి పెద్దతనంలో మతిమరుపు వచ్చింది. కన్నకొడుకునే ఎవరు బాబూ నువ్వని అడిగేవాడు. పెద్దల్లుడికి ఆ భయం లోపలెక్కడో ఉండనే ఉంది, ఆ రోజుతో పైకొచ్చి కూర్చుంది. తాళం వేశానా అని వెనక్కి రావడం మొదలెట్టాడు. ప్రతివాళ్ళూ మర్చిపోయే చిన్నాచితకా సంగతులన్నీ లెక్కలోకి తెచ్చుకున్నాడు. ఆరు నెలలకి వ్యాను తాళాలు చిన్నల్లుడి చేతిలో పెట్టి, "ఇంకెక్కడైనా ఎవరి ప్రాణానికో తెస్తాను, నాకొద్దు," అని ఇంట్లో కూర్చున్నాడు. డాక్టర్లు ఏమీ లేదన్నారు. మొదట్లో మా నాన్నకీ అలాగే అన్నారని ఆయన జవాబు.

వెళ్ళేసరికి వదిన వాకిట్లో బట్టలు ఆరేస్తోంది. "అదేంటి మరిదీ, ఈ వేళప్పుడు?" అంటూ వెనకే లోపలికి వచ్చింది. పెద్దల్లుడు కుర్చీలో ఉన్నాడు. చిన్నల్లుడు కూర్చోలేదు, కూర్చుంటే మళ్ళీ ధైర్యం చాలదని.

"అన్నయ్యా, ఆ కళ్ళద్దాల షాపులో ఫిల్టరు మార్చింది నేను. నువ్వు కాగితందే పెట్టావు. నీళ్ళు పడితే నేనే తీసి ఫోమ్ వేశాను. మళ్ళీ మార్చలేదు. నువ్వేం మర్చిపోలేదన్నయ్యా. ఆ రోజూ మర్చిపోలేదు, ఇవాళా మర్చిపోలేదు."

చెప్పేసి ఏడ్చేశాడు. వదిన చేతిలో తడిబట్ట అలాగే ఉండిపోయింది.

పెద్దల్లుడు కుర్చీలో ముందుకి వంగాడు.

"కాగితంది ఎక్కడ పెట్టావు మరి?"

"వ్యానులో, సీటు వెనక."

"అవును, అక్కడే ఉంది. అది నాకు దొరికిన చోటు. నేనే నీకు వందసార్లు చెప్పిన చోటేగా నువ్వూ చెబుతున్నావు." ఆయన మెల్లగా నవ్వాడు. "కూర్చో తమ్ముడూ. ఫోనులో నేనన్న మాటకి బాధపడి వచ్చావు కదూ?"

"లేదన్నయ్యా, నిజం! బకెట్టు..."

"నువ్వే అయితే రెండేళ్ళు ఊరుకుంటావా? నేను పని మానేసి ఇలా కూలబడితే చూస్తూ ఊరుకుంటావా? నీ సంగతి నాకు తెలీదా?"

చిన్నల్లుడు ఒట్టేశాడు, పిల్లల మీద ఒట్టేశాడు. ఒట్టు వేస్తున్నకొద్దీ పెద్దల్లుడి కళ్ళల్లో ప్రేమ పెరిగింది, నమ్మకం మాత్రం రాలేదు. చివరికి లేచి వచ్చి, అతని రెండు చేతులూ పట్టుకున్నాడు.

"నా మనసు నిలబెట్టడానికి లేని తప్పు నెత్తినేసుకున్నావు. సొంత తమ్ముడైనా ఇంత చెయ్యడు. మిగతావేం మర్చిపోయినా ఇదొక్కటీ మర్చిపోను." భార్యవైపు తిరిగాడు. "ఒకవేళ మర్చిపోతే నువ్వు గుర్తుచెయ్యవే."

వదిన తలెత్తి మరిదివైపు చూసింది. అతను నోరు మూసుకున్న రెండేళ్ళూ ఆ చూపులోనే లెక్కపెట్టింది.

"చేస్తాను," అంది.