ఆగ్నెస్ పేరు మీద గీత

నేను ఒక మైక్రోఫిల్ము రీలును. పుట్టింది ఇంగ్లండులో. ఆరువందల ఏళ్ల కిందట అక్కడి ఒక మఠంలో ఆగ్నెస్ అనే సన్యాసిని చేత్తో రాసిన ప్రార్థనల పుస్తకాన్ని పేజీ పేజీ ఫొటో తీసి నాలోకి ఎక్కించారు. అసలు పుస్తకం గాజుపెట్టెలో హాయిగా కూర్చుంది. ఊళ్లు తిరిగే పని నాకు పడింది. ఓడెక్కి విశాఖపట్నం వచ్చి, ఒక విశ్వవిద్యాలయం లైబ్రరీలో చేరాను. పదకొండేళ్లు నన్ను పలకరించిన వాళ్లు లేరు. కేటలాగులో నా పేరు ఉందని మాత్రం వచ్చిన అతిథులందరికీ గొప్పగా చెప్పుకునేవారు.

ఆ తర్వాత మేరీ సుగుణ వచ్చింది. నాలుగేళ్లు నా మీదే పరిశోధన. చివరి పేజీలో ఆగ్నెస్ తన పేరు రాసుకుంది. ఆ పేరు మీద అడ్డంగా ఒక గీత. ఆడమనిషి పేరు ఉండకూడదని ఎవరో కొట్టేశారని సుగుణ వాదన. థీసిస్ అంతా ఆ గీత మీదే నిలబడింది. నాకు నిజం తెలుసు, చెప్పడానికి నోరు లేదు.

సమర్పించడానికి వారం ఉందనగా, అటెండరు అప్పలస్వామిని పిలిచి, నన్ను తిప్పి చూసే మిషను తెర మీద ఆ గీత చూపించి మురిసిపోయింది. ఆయనకు ఇంగ్లీషు అక్షరం రాదు. రోజూ సాయంత్రం నన్ను వెనక్కి చుట్టి పెట్టెలో పెట్టేది మాత్రం ఆయనే.

“అది రీలు మీద గీత కదమ్మా,” అన్నాడు. “మిషను గాజు కింద ఇసక పడితే ఇలాగే గీసుకుపోద్ది.” చివరి పేజీ దాటించి ఖాళీ ఫిల్ము చూపించాడు. “చూడండి, ఇక్కడ రాత నేదు. గీత ఉంది.”

నాలుగేళ్లలో సుగుణ ఒక్కసారి కూడా ఆ పేజీ దాటలేదు. కావలసింది దొరికాక మనుషులు అక్కడే ఆగిపోతారు.

“ముందే చెప్పలేదేం, అప్పలస్వామిగారూ?”

“మీరడగనేదు కదమ్మా.”

ఆమె మిషను ముందే ఏడ్చింది. నాకు జాలేసింది, ఆగ్నెస్ పేరు దక్కినందుకు సంతోషమూ వేసింది. సుగుణ ఇంకో రెండేళ్లు కష్టపడి, ఆరువందల ఏళ్లలో ఎవరూ కొట్టెయ్యని పేరు గురించి రాసింది. మొదటి కృతజ్ఞత అప్పలస్వామికే చెప్పింది. నా పెట్టె మూత లోపల పెన్సిలుతో, “గీత రీలుది, పుస్తకానిది కాదు” అని రాసిపెట్టింది.

ఇప్పుడు నన్ను కంప్యూటరులోకి ఎక్కించారు. నేను స్టీలు బీరువాలో విశ్రాంతిగా ఉన్నాను. సుగుణా లేదు, అప్పలస్వామీ లేడు. మొన్న బీరువా పక్కన కూర్చున్న ఒక పరిశోధకురాలు తెర మీద ఏదో చూసి, ప్రొఫెసరుకు ఫోను చేసింది.

“సార్, పేరు కొట్టేశారండీ. ఎవరూ గమనించలేదు.”

నన్ను గీతతో సహా ఎక్కించారు. పెట్టె మూతను ఎక్కించలేదు.