రాయి ఆట

తొమ్మిది జతల తడి మేజోళ్లను ఆయమ్మ ఒక్కొక్కటిగా పిండి కిటికీ కమ్మీలకు కట్టిన తాడు మీద ఆరేస్తోంది. చిన్న చిన్న మేజోళ్లు. ఎంత పిండినా గుప్పెడు నీళ్లు రావు. అయినా ఆరో జత పిండేసరికి ఎడమ చెయ్యి భుజం నుంచి మణికట్టు దాకా లాగింది. చెయ్యి విదిలించుకుని, మిగతా మూడు జతలనూ కుడి చేత్తో కిటికీ గట్టుకేసి నొక్కి నీళ్లు తీసింది.

వాన తెల్లవారినప్పటి నుంచి ఒకే తీరున పడుతోంది. నాలుగంతస్తుల ఆఫీసు భవనంలో మెట్ల కింద ఉన్న గది అది. పైన పనిచేసేవాళ్లు తమ పిల్లల్ని పొద్దున్నే ఇక్కడ దింపి, సాయంత్రం తీసుకుపోతారు. మామూలు రోజుల్లో వెనకవైపు ఇసుకలో సగం పూట గడిచిపోతుంది. వాన రోజు మాత్రం తొమ్మిదిమందీ ఆ నాలుగు గోడల మధ్యే ఉండాలి. ఆపైన టీచరు ఫోన్ చేసింది. రోడ్డు మునిగిపోయిందట, రాలేనంది.

"ఒక్కరే ఎలా నెట్టుకొస్తారు ఆయమ్మా?"

"ఇరవై రెండేళ్లుగా వానలు పడుతూనే ఉన్నాయి కదమ్మా" అని ఫోన్ పెట్టేసింది.

గోడకు ఆనించి పెద్ద అట్టపెట్టె ఉంది. అందులో ఉన్నది టీవీ. పోయిన వానకి పిల్లల గోల రెండో అంతస్తు దాకా వినపడిందని ఎవరో ఫిర్యాదు చేశారు. మేనేజరు ఈ పెట్టెను పెట్టించి, తనూ కిందికి దిగి వచ్చింది. "టీవీ పెట్టేస్తే టీచరొక్కరు సరిపోతారు ఆయమ్మా. మీరు మాత్రం ఎన్నాళ్లని చేస్తారు" అంది. ఆయమ్మ చీపురు తీసుకుని పెట్టె చుట్టూ ఊడ్చింది. అది చూసి మేనేజరే ఇబ్బంది పడి, "సరే, మళ్లీ వాన పడిన రోజు మూడింటికి వచ్చి చూస్తాను. పైకి ఒక్క అరుపు వినపడకపోతే దీన్ని వెనక్కి పంపేస్తాను" అంది.

ఇంట్లో ఆయమ్మకు ఒక మంచం, ఒక పొయ్యి ఉన్నాయి. ఆదివారం ఎలా గడపాలో ఆమెకు తెలియదు. ఉతికి మడతపెట్టిన బట్టలే మళ్లీ విప్పి మడతపెడుతుంది. భర్త సైకిళ్లు బాగుచేసేవాడు. ఆయన పోయాక సైకిల్‌ని ఎవరికో ఇచ్చేసి, దాని బెల్లు మాత్రం ఊడదీసి ఉంచుకుంది. అది ఈ గదిలోకి వచ్చి తొమ్మిదేళ్లు.

వాన రోజుకు ఆమె దగ్గర ఒక వరస ఉంది. ముందు పిల్లల కాళ్లు అలసిపోవాలి, తరవాత చేతులు, చివరికి కళ్లు. వరస తప్పితే ఏడుపులు మొదలవుతాయి.

నేల మీద సుద్దముక్కతో వంకర గీత గీసింది. అది వంతెన. కింద మొసళ్లు. చెప్పుల్లేకుండా, చప్పుడు చెయ్యకుండా మునివేళ్ల మీద దాటాలి. చప్పుడైతే మొసలి లేస్తుంది.

"మొసలికి చెవులుంటాయా ఆయమ్మా?" అంది ప్రశ్నలమ్మ. అయిదేళ్ల ఆ పిల్లకు ఆ పేరు పెట్టింది ఆయమ్మే.

"ఉంటాయి తల్లీ. నీ నోరు ఉన్నంత ఉంటాయి."

"మరి మొసలికి వాళ్లమ్మ ఎక్కడుంది?"

"పైన మూడో అంతస్తులో ఉద్యోగం చేస్తోంది. నడు నడు."

పిల్లలు పడీ పడీ నవ్వబోయి, మొసలి గుర్తొచ్చి నోళ్లు మూసుకున్నారు. నలభైసార్లు దాటారు. కవలలిద్దరూ గీత మధ్యలో ఎదురై కొట్టుకోబోతే వాళ్లను చెరో చంకన ఎత్తుకుని ఒడ్డుకు చేర్చింది. దించాక గోడ పట్టుకుని నిలబడింది. రవిక వీపున చెమటకు తడిసి అతుక్కుపోయింది. వాన చల్లదనంలో ఇంత చెమటేమిటా అనుకుంది. అంతకు మించి ఆలోచించలేదు.

తరవాత పాత పేపర్లు పంచింది. ఎవరి పేపరు వాళ్లు సన్నని పేలికలుగా చింపాలి. ఎవరిది పొడుగైతే వాళ్లు గొప్ప. తొమ్మిది జతల చేతులు చింపుతుంటే గదిలో కూడా వాన పడుతున్నట్టుంది. అన్నీ పోగయ్యాక పైకి ఎగరేసి ఆడుకున్నారు. మళ్లీ ఏరి గోనెసంచిలో నింపారు. ఏరడం కూడా ఆటే అని వాళ్లకు ఎప్పుడో నమ్మకం కుదిరింది.

వాళ్లకు అన్నాలు పెట్టి మూతులు కడిగింది. తను నిలబడే రెండు ముద్దలు తిని డబ్బా మూసేసింది.

"తినలేదేం?" అంది ప్రశ్నలమ్మ.

"కడుపు వద్దంటోంది."

"కడుపు మాట్లాడుతుందా?"

"నీకంటే తక్కువే."

రెండున్నరకు చాపలు పరిచింది. చివరిది రాయి ఆట. అందరూ వెల్లకిలా పడుకుని రాళ్లయిపోవాలి. రాయి కదలదు, మాట్లాడదు, నవ్వదు. ఆయమ్మ సైకిల్ బెల్లు కొట్టేదాకా ఎవరూ లేవకూడదు. బెల్లు ముట్టుకునే హక్కు ఆయమ్మకు తప్ప ఇంకెవరికీ లేదు. ఇన్నేళ్లలో ఆమె ఒక్కసారీ గెలవలేదు. ఎప్పుడూ ముందు ఆమె కుడికాలి బొటనవేలే కదులుతుంది. "ఆయమ్మ కదిలింది!" అని పిల్లలు అరిస్తే, ఓడిపోయి బెల్లు కొడుతుంది. ఆ వేలు కోసమే కళ్లు సగం తెరిచి, ఊపిరి బిగబట్టి కాపలా కాస్తారు. కాసీ కాసీ సగంమంది నిద్రపోతారు. వేలు ఎప్పుడు కదపాలో ఆమెకు తెలుసు.

"ఇవాళైనా గెలుస్తావా?" అన్నాడు కవలల్లో ఒకడు.

"చూద్దాం నాన్నా. మేనేజరు మేడం కూడా వస్తోంది. ఆవిడొచ్చినా రాళ్లే. బెల్లు మోగేదాకా రాళ్లే. సరేనా?"

గోడ పక్క చాప మీద పడుకుంది. బెల్లు కుడి చేతిలో పెట్టుకుంది. నేల చల్లదనం వీపుకు హాయిగా తగిలింది. ఎడమ చెయ్యి తనది కానట్టు ఉంది. తాడు మీది మేజోళ్ల నుంచి ఒక చుక్క రాలింది. కాసేపటికి ఇంకో చుక్క. పిల్లల ఊపిర్లు ఒక్కొక్కటే దారికి వస్తున్నాయి. ఇప్పుడు వేలు కదిపితే మేలుకున్న వాళ్లు అరుస్తారు. మూడింటిదాకా ఇంకాస్త ఆగుదాం అనుకుంది.

మేనేజరు మెట్లు దిగుతూనే చెవులు రిక్కించింది. వాన తప్ప ఏమీ వినపడలేదు. తలుపు దగ్గర నిలబడి చూసింది. తొమ్మిదిమంది పిల్లలు, చివర ఆయమ్మ, వరసగా పడుకుని ఉన్నారు. ఆమె అక్కడే ఫోన్ తీసి గొంతు తగ్గించి మాట్లాడింది.

"రేపు టీవీ బిగించడానికి రాకండి. వెనక్కి తీసుకెళ్లండి. లేదు, అవసరం లేదు."

తరవాత లోపలికి వచ్చి, "ఆయమ్మా" అని పిలిచింది.

"మాట్లాడకూడదు" అంది ప్రశ్నలమ్మ, పెదాలు కదలనివ్వకుండా. "మేం రాళ్లం."

"బాగుందమ్మా. ఇంక లేవండి."

ఎవరూ లేవలేదు.

"బెల్లు కొట్టాలి" అంది ప్రశ్నలమ్మ.

మేనేజరు నవ్వుతూ వంగి ఆయమ్మ చేతిలోని బెల్లు తీసుకోబోయింది. వేళ్లు వదల్లేదు. ఆమె మోకాళ్ల మీద కూర్చుంది. ఆయమ్మ మణికట్టు పట్టుకుంది. దవడ కింద వేళ్లు ఆనించి చూసింది. తాడు మీది మేజోళ్ల కేసి చూసింది. తరవాత ఆ వేళ్లను ఒక్కొక్కటే విప్పి, బెల్లు తీసుకుని కొట్టింది.

మేలుకున్న వాళ్లు లేచారు. నిద్రపోయిన వాళ్లను లేపారు.

"ఆయమ్మ గెలిచింది! వేలు కదల్లేదు, నేను చూస్తూనే ఉన్నా!" అంది ప్రశ్నలమ్మ. కవలలు చప్పట్లు కొట్టారు.

"అవును" అంది మేనేజరు. "గెలిచింది. పదండి, మీ అమ్మల దగ్గరికి పైకి వెళ్దాం."

"మేజోళ్లు ఆరలేదుగా?"

"పరవాలేదు."

"ఆయమ్మ రాదా?"

మేనేజరు అందరికంటే చిన్నవాణ్ణి ఎత్తుకోవడానికి బెల్లును పక్కన పెట్టింది. పిల్లలు వట్టి కాళ్లతో, ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని, మొసలి లేవకుండా మునివేళ్ల మీద మెట్లెక్కారు. పై అంతస్తుల్లో ఎవరికీ చప్పుడు వినపడలేదు.

సైకిల్ బెల్లు టీవీ అట్టపెట్టె మీద ఉండిపోయింది. అంతా తుప్పు పట్టినా, మీట కొసన బొటనవేలు ఆనేంత చోటు మాత్రం తెల్లగా మెరుస్తోంది.