కోచ్ డెంప్సీ టపా

ఆ శనివారం ఉదయం ఎనిమిదిలోపు చెయ్యవలసిన పనులు: కోచ్ ఇంటిముందు మంచులో ఎవరో పాతిన ‘ఇల్లు అమ్మకానికి’ బోర్డులు పీకెయ్యాలి. కోచ్ భార్య మార్జొరీ కిటికీ తెర తియ్యకముందే పీకెయ్యాలి. వాటిని జిమ్ వెనక చెత్తతొట్టిలో, రాత కిందికి ఉండేలా పడెయ్యాలి. పోస్టాఫీసుకి వెళ్ళి టపా సంచీ తేవాలి. ఉత్తరాలు కోసి రెండు కట్టలు చెయ్యాలి. ఒక కట్ట కోచ్ బల్లమీద పెట్టాలి. రెండోది ఎవరికీ కనబడకూడదు. వచ్చేటప్పుడు భార్య భానుమతికి దగ్గుమందు కొనాలి.

యోగానంద్ మూడో బోర్డు దగ్గర ఉన్నాడు. నేల రాయిలా గడ్డకట్టింది. మడమతో కర్రని నాలుగు తన్నులు తన్ని, చేతితొడుగులు తీసేసి, రెండు చేతులతో పట్టుకుని ఊపాడు. యాభై మూడేళ్ళ నడుము కలుక్కుమంది. ఇల్లు నిజంగా అమ్మకానికేమీ లేదు. కోచ్‌ని ఊరొదిలి పొమ్మనడానికి అభిమానులు ఎంచుకున్న పద్ధతి అది. మూడేళ్ళ క్రితం, డెబ్భై తొమ్మిదిలో, ఈ చిన్న మిషిగన్ కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టు ఎన్నడూ లేనట్టు దేశంలోని చివరి పదహారు జట్లలో నిలబడింది. అప్పుడు వాల్ట్ డెంప్సీని భుజాలమీద మోశారు. ఆ మోసినవాళ్ళ కంటికి ఆ తర్వాత ఏ గెలుపూ ఆనలేదు. ఈ ఏడు వరసగా పదకొండు ఓటములు.

ఇంటికి వచ్చేసరికి భానుమతి నర్సు దుస్తుల్లోనే డ్యూటీ నుంచి వచ్చి కాఫీ కాస్తోంది.

“మళ్ళీ వెళ్ళారా? ఆ చేతులు చూసుకోండి, ఎలా కమిలిపోయాయో. ఆ కోచ్ ఏమైనా మిమ్మల్ని పీకమన్నాడా?”

“ఆయనకి తెలీదు.”

“తెలీకుండా ఎన్నాళ్ళు దాస్తారండీ? ఊరంతా అరుస్తుంటే మీరొక్కరూ చెవుల్లో దూది పెట్టి తిప్పుతున్నారు ఆ మొగుడూపెళ్ళాల్ని.”

ఆయన కాఫీ తాగి, పోస్టాఫీసుకి బయలుదేరాడు.

యోగానంద్ ఇంట్లో డిగ్రీ చదివినవాడు ఆయనొక్కడే. ఆ డిగ్రీతో బెజవాడలో రైల్వే మెయిల్ సర్వీసులో సార్టరుగా చేరి, పద్నాలుగేళ్ళు కదిలే పెట్టెలో నిలబడి, అరలరల్లో ఉత్తరాలు విసిరాడు. భార్యకి ఇక్కడి ఆసుపత్రిలో ఉద్యోగం వస్తే వెంట వచ్చాడు. ఆ డిగ్రీని ఇక్కడ ఎవరూ తిరగేసి కూడా చూడలేదు. ఏడాదిన్నర ఖాళీగా కూర్చున్నాక కోచ్ డెంప్సీ ఒక్కడే, “నీకేం పని వచ్చు?” అని అడిగాడు. “ఉత్తరాలు వచ్చు సార్,” అన్నాడు యోగానంద్. “నాకు కావలసింది అదే. చదవాల్సినవి నాకివ్వు, మిగతావాటి సంగతి నువ్వు చూసుకో,” అన్నాడు కోచ్. ఆ మాటమీద తొమ్మిదేళ్ళు గడిచాయి.

ఒకరి ఉత్తరం ఇంకొకరు చదవకూడదన్నది సార్టరు ధర్మం. చదవకుండా విడదీయడమేమో ఇక్కడ కుదరదు. అందుకని తనకు తానే ఒక హద్దు పెట్టుకున్నాడు: మొదటి వాక్యం మాత్రమే చదవాలి. మంచిమాటతో మొదలైతే కోచ్ కట్టలోకి. తిట్టుతోనో, పొమ్మనడంతోనో మొదలైతే రెండో కట్టలోకి. రెండో కట్ట ప్రతి శుక్రవారం బాయిలర్ గదికి పోతుంది. మంచి ఉత్తరాలు ఈ చలికాలం వారానికి నాలుగు దాటలేదు. అయినా కోచ్ ఆ నాలుగూ జేబులో పెట్టుకుని ఇంటికి తీసుకెళ్ళేవాడు. ఎందుకో యోగానంద్ ఎప్పుడూ అడగలేదు.

మధ్యాహ్నం రెండింటికి ఆట. ఈ ఏడాదికి సొంత ఊళ్ళో ఇదే ఆఖరు. పన్నెండున్నరకి ఫార్మింగ్టన్ హిల్స్ నుంచి రవికుమార్ ఆఫీసుకి వచ్చాడు. కార్ల కంపెనీలో ఇంజనీరు, ఏడాది పొడుగునా టికెట్లు ఉన్నవాడు.

“ఏం మాస్టారూ, మీ కోచ్‌ని ఎప్పుడు సాగనంపుతున్నారు? నలభై మైళ్ళు స్నోలో డ్రైవ్ చేసుకుని వస్తున్నానండీ, ఓడిపోవడం చూడ్డానికి! మా ప్లాంట్‌లో ఇలా చేస్తే రెండో రోజే ఫైర్ చేస్తారు.”

“పిల్లలు బాగానే ఆడుతున్నారు రవీ.”

“నేనూ ఒక లెటర్ రాశాను మీ ఆఫీస్‌కి. చదివారా?”

“మొదటి వాక్యం చదివాను.”

“అసలు విషయమంతా రెండో పేజీలో ఉంది మాస్టారూ!” అని నవ్వుకుంటూ వెళ్ళాడు రవికుమార్.

ఆ వెనకే హబెల్ వచ్చాడు. పాత విద్యార్థుల సంఘం అధ్యక్షుడు. బజారులో ఆయనకి ఇనపసామాన్ల కొట్టు ఉంది. కోటుమీది మంచు దులుపుకోకుండానే అడిగాడు.

“వాల్ట్ నాకింకా జవాబివ్వలేదు. గురువారమే చేరి ఉండాలి నా ఉత్తరం. నా చేత్తో రాశాను. అంత పొగరెందుకు అతనికి?”

యోగానంద్‌కి ఆ కవరు కళ్ళముందు మెదిలింది. మీగడరంగు కవరు. మొదటి వాక్యం కూడా గుర్తొచ్చింది: ‘వాల్ట్, ఇక నువ్వు వెళ్ళిపోక తప్పదు.’ ఆయన అక్కడితో ఆపేశాడు. నిన్న అది బాయిలర్‌లో బూడిదైంది.

“ఆయన... ఇంకా చూడలేదు సార్. అందులో ఏముంది?”

“ఏముందేమిటి? తనంతట తనే తప్పుకుంటున్నానని ఆటకి ముందు నాతో ఒక్కమాట అనమన్నాను. అంటే ఇదే కాలేజీలో వ్యాయామ పాఠాలు చెప్పే పని ఇప్పిస్తాను. కాలేజీ ఇచ్చిన ఆ ఇల్లు ఖాళీ చెయ్యక్కర్లేదు, మార్జొరీ డాక్టర్లని మార్చక్కర్లేదు. సాయంత్రం కాలేజీ పాలక బోర్డు కూర్చుంటుంది. వాళ్ళే తీసేస్తే నేనేం చెయ్యలేను. మూడో వరసలో ఉంటాను. ఆట మొదలవుతూ బంతి పైకి ఎగిరేలోపు వచ్చి చెప్పమను.”

యోగానంద్ పరుగులాంటి నడకతో వరండాలోకి వెళ్ళాడు. గోడ గడియారం ఒంటిగంట దాటి అయిదు నిమిషాలు. కోచ్ ఎదురొస్తున్నాడు. చక్రాల కుర్చీ తోసుకుంటూ వస్తున్నాడు. అందులో మార్జొరీ, మోకాళ్ళమీద శాలువా, జుట్టు కొత్తగా దువ్వించుకుని ఉంది. నరాల జబ్బుతో ఆమె ఈ ఏడాది ఒక్క ఆటకీ రాలేదు.

“చూడు యోగీ, ఎవరొచ్చారో!” అన్నాడు కోచ్. మనిషి ముఖంలో చాలా రోజుల తర్వాత వెలుగు. “నువ్విచ్చే కట్టలు రాత్రిళ్ళు ఈవిడకి చదివి వినిపిస్తుంటాను. ఇంత మంచివాళ్ళకి ఒకసారి కనిపించకపోతే ఎలా అని మొండిపట్టు పట్టింది.”

యోగానంద్ నోరు తెరిచాడు. పనిమీద బయలుదేరిన మనిషికి ఎదురెళ్ళి చెడుమాట చెప్పడం ఆయన పుట్టిపెరిగిన ఇంట్లో లేదు. పరీక్షకి పోతున్నప్పుడు ఇంట్లో జ్వరాలు కూడా దాచేవారు. అందులోనూ ఆమె ముందు.

“ఆల్ ది బెస్ట్ సార్,” అన్నాడు.

“ఈవిణ్ణి నీకప్పగిస్తున్నాను,” అని కుర్చీ పిడి ఆయన చేతికిచ్చి కోచ్ లోపలికి వెళ్ళాడు. ఆటగాళ్ళ గది తలుపు మూసుకుంది. ఆటకి ముందు ఆ తలుపు ఎవరూ తట్టరు.

మళ్ళీ కోచ్ కనిపించింది జాతీయగీతం అప్పుడే. పది అడుగుల దూరం. మూడో వరసలో హబెల్ చేతిగడియారం చూసుకున్నాడు, యోగానంద్‌ని చూశాడు. ఇప్పుడైనా వెళ్ళాలి, చెవిలో చెప్పాలి, రెండు నిమిషాల పని. కాలు ముందుకు వేశాడు. “ఎక్కడికి యోగీ? నాకు భయంగా ఉంది ఈ జనంలో,” అని మార్జొరీ ఆయన చొక్కా చెయ్యి పట్టుకుంది. విడిపించుకోవడానికి బలమేమీ అక్కర్లేదు, అంత సన్నటి వేళ్ళు. ఆయన విడిపించుకోలేదు. బంతి పైకి ఎగిరింది.

సగం ఆటకి రెండు పాయింట్లు ముందున్నారు. చివరికి తొమ్మిది వెనక. ఆఖరి అయిదు నిమిషాలూ హాలు మొత్తం ఒకే గొంతైంది. “గో హోమ్, వాల్ట్! గో హోమ్, వాల్ట్!” కాగితం గ్లాసులు గాలిలో తిరుగుతూ నేలమీద పడ్డాయి. యోగానంద్ తన కోటు విప్పి ఆమె భుజాలచుట్టూ కప్పాడు. చెవులు కూడా మూసేలా కప్పాడు.

“యోగీ, వీళ్ళు మనవాళ్ళు కాదు కదూ? అవతలి ఊరివాళ్ళే కదూ?”

“అవునమ్మా. అవతలి ఊరివాళ్ళే.”

ఆమె తలూపింది.

హాలు ఖాళీ అయ్యాక ఆఫీసులో కోచ్ టై విప్పుకుంటుంటే యోగానంద్ అంతా చెప్పేశాడు. హబెల్ ఉత్తరం, బాయిలర్, రెండో కట్ట, బోర్డులు. కూర్చోమని ఎవరూ అనలేదు కనుక నిలబడే ఉన్నాడు.

“ఎన్నాళ్ళుగా?” అన్నాడు కోచ్.

“మూడేళ్ళుగా సార్.”

“పేపరువాళ్ళు పొట్టకూటికి రాస్తారనుకున్నాను. హాల్లో అరిచేవాళ్ళు ఆ పూటకి అరుస్తారనుకున్నాను. ఇంటికెళ్ళి, తీరిగ్గా కూర్చుని, స్టాంపు అంటించి రాసేవాళ్ళు మావైపే ఉన్నారని నమ్మాను.” కోచ్ టైని వేళ్ళకి చుట్టుకున్నాడు. “హబెల్ మాట నాకు అందివుంటే ఒప్పుకునేవాణ్ణి యోగీ. ఆవిడకోసం ఒప్పుకునేవాణ్ణి.”

కేకలేస్తే బాగుండుననిపించింది యోగానంద్‌కి. కోచ్ కేకలెయ్యలేదు. దీపం ఆర్పమని చెప్పి వెళ్ళిపోయాడు.

బోర్డు ఆ సాయంత్రమే ఆయన్ని తీసేసింది. మరో పది రోజులకి డెంప్సీ దంపతులు ఐయోవాలో ఉన్న ఆమె చెల్లెలి ఇంటికి వెళ్ళిపోయారు. సాగనంపడానికి యోగానంద్, భానుమతి మాత్రమే వచ్చారు. కోచ్ చెయ్యి కలిపాడు. మార్జొరీ కారు అద్దం దించి, “చలిలో నిలబడకండి,” అంది.

ఆగస్టులో ఐయోవా నుంచి ఒక కార్డు వచ్చింది. ఆమె నిద్రలోనే పోయిందని నాలుగు మాటల్లో ఉంది. యోగానంద్ ఆ కార్డు మొత్తం చదివాడు.

ఆయన ఇంకో పదకొండేళ్ళు అదే బల్లదగ్గర పనిచేశాడు. తర్వాత వచ్చిన కోచ్‌లు టపా అంతా ఒకే కట్టగా తీసుకున్నారు. తనని ఎవరైనా గుర్తుంచుకోవాలని ఆయన ఎప్పుడూ కోరలేదు. కాబట్టి ఇది చదివినవారిని అడిగేది ఒక్కటే: మార్జొరీ డెంప్సీని గుర్తుంచుకోండి, ఒక ఊరు తనని ప్రేమిస్తోందని మూడేళ్ళు నమ్మిన మనిషిని. వాళ్ళు వెళ్ళిన మర్నాడు ఖాళీ ఇంటి వంటగది గట్టుమీద యోగానంద్‌కి ఒక కవరు దొరికింది. మార్జొరీ వణికే అక్షరాలతో ‘ఈ ఊరివాళ్ళకి’ అని మాత్రమే ఉంది దానిమీద. ఆ ఆటకి ముందు రాసిందో, తర్వాత రాసిందో ఆయనకి తెలియదు. స్టాంపు అంటించి ఉంది, అంచు నాకి శ్రద్ధగా మూసి ఉంది, ఇప్పటికీ ఎవరూ కొయ్యలేదు.