మైనం ఇంజినీరు చెల్లెలు

రిఫైనరీలో ఆమెను అందరూ సీసాలమ్మ అనేవాళ్ళు. ముడిచమురు పరీక్షించే ల్యాబుకు ఆమె పెద్ద. రేవుకు వచ్చిన ప్రతి ఓడ నుంచీ సీసాల్లో నమూనా ఆమె బల్ల మీదికి రావాలి. ఆమె ఊఁ అంటేనే ఓడలోని చమురు గొట్టంలోకి దిగాలి. నిక్కచ్చి మనిషని కొందరు, మొండిఘటమని కొందరు అనుకునేవాళ్ళు. ఆ కుర్చీ కోసం ఆమె అన్నేళ్ళు ఎందుకు పాకులాడిందో మాత్రం ఎవరికీ తెలియదు. ఒక్క మనిషి కోసం. ఎప్పటికైనా ఆయన జుట్టు తన చేతికి చిక్కుతుందని.

ఆయన్ని పెద్దసారు అంటారు. ఒకప్పుడు ఇదే రిఫైనరీకి జనరల్ మేనేజరు. రిటైరయ్యాక ఓడల మీద ముడిచమురు తెప్పించి, తను ఏలిన రిఫైనరీకే అమ్ముకుంటున్నాడు.

జరిగింది ఇది. సీసాలమ్మ అన్నయ్య చమురు బావుల ఇంజినీరు. ఉత్తరాన ఎర్రగుట్టల కింద చమురు పడిందని తెలిసిన రోజున జనం వీధుల్లోకొచ్చి గంతులేశారు. ఇక మనం ఎవడి గుమ్మమూ తొక్కనక్కర్లేదు అన్నారు. బావి తవ్విన జట్టులోని అన్నయ్య మాత్రం ఒక రేకుడబ్బాలో ఆ చమురు ఇంటికి తెచ్చి, వరండాలో చలిగాలికి పెట్టాడు. తెల్లారి చూస్తే డబ్బా బోర్లించినా చుక్క జారలేదు. లోపల మైనంలా బిగుసుకుపోయి ఉంది.

అప్పటికి కాలేజీలో రసాయనశాస్త్రం చదువుతున్న చెల్లెల్ని పిలిచి చూపించాడు. "మంచి సరుకే. కాకపోతే వేడిగా ఉన్నంతసేపే పారుతుంది. గొట్టం పొడవునా వేడి పెట్టాలి. మన రిఫైనరీనేమో పల్చటి చమురు కోసం కట్టారు. దీన్ని అరిగించుకోవాలంటే చమురు కాచి విడదీసే టవర్ ఇంకోటి కట్టుకోవాలి. అప్పటిదాకా మన చమురు మనకున్నా, బయట కొనుక్కోక తప్పదు."

"మరి ఈ మాట పైవాళ్ళకి చెప్పావా?"

"చెప్పకుండా ఉంటానా?"

చెప్పాడు. చెప్పి ఊరుకోలేదు, పెద్దసారు గదికెళ్ళి బల్ల మీద ఆ డబ్బా బోర్లించి చూపించాడు. పెద్దసారు నవ్వాడట. "మంత్రిగారు ప్రారంభోత్సవానికి తేదీ ఇచ్చేశారయ్యా. నీ డబ్బా చూసి తేదీ మారుస్తారా? ముందు పారనీ, తర్వాత చూసుకుందాం."

మంత్రిగారు మీట నొక్కారు, చప్పట్లు మోగాయి, బ్యాండు వాయించారు. పొద్దు వాలి గుట్టల మీద చలి దిగేసరికి గొట్టంలో చమురు గడ్డకట్టడం మొదలైంది. పంపులు మూలిగి మూలిగి ఒకటి పగిలింది. గుట్టల నుంచి రిఫైనరీ దాకా గొట్టమంతా మూసుకుపోయింది.

విచారణ వేశారు. అందులో పెద్దసారు ఒకే ఒక్క మాట చెప్పాడు: "ఇది పల్చటి చమురని బావుల ఇంజినీరు చెప్పాడు. నేను నమ్మాను." ఆ మాటతో అన్నయ్య ఉద్యోగం ఊడింది. పత్రికల వాళ్ళు ఆయన్ని కొవ్వొత్తిలా బొమ్మగీసి నెత్తిన వత్తి పెట్టారు. వీధిలో అడుగుపెడితే చాలు, 'మైనం ఇంజినీరు' అని వెనకాల కూతలు. బావులకు మూతలు బిగించేశారు. మన చమురు ఎందుకూ కొరగాదన్న మాట దేశమంతా పాకి స్థిరపడిపోయింది. పేరు గొప్ప ఊరు దిబ్బ అని జనం తిట్టుకుంటూనే, ఓడల మీద వచ్చినదాన్ని కొనుక్కున్నారు.

అన్నయ్య ఇంటి ముందు షెడ్డు వేసుకుని నీళ్ళ మోటార్లు బాగుచేయడం మొదలుపెట్టాడు. పెద్దసారు ఊసు ఎవరైనా ఎత్తితే లేచి చేతులు కడుక్కోవడానికి పోయేవాడు. చెల్లెలే రగిలిపోయేది. ఆ ఇంట్లోనే ఉంటూ, పెళ్ళి మాట ఎత్తినవాళ్ళ నోరు మూయిస్తూ, చదివి చదివి, పరీక్షలు రాసి, చివరికి ఆ రిఫైనరీలోనే చేరింది.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకే అమ్మాయ్?" అని వదిన అడిగేది.

"కంద నోరు మూసుకుంది కాబట్టే, వదినా."

ఏళ్ళ తరబడి పెద్దసారు పంపిన చమురంతా బాగానే ఉంటూ వచ్చింది. బాగున్నదాన్ని బాగాలేదని చెప్పడానికి సీసాలమ్మకు చేయి రాలేదు. పళ్ళు నూరుకుంటూనే సంతకాలు పెట్టింది.

ఆ ఎండాకాలం మిగతా వ్యాపారుల ఓడలు దారిలోనే ఇంకెవరికో అమ్ముడుపోయాయి. రిఫైనరీ ట్యాంకులు అడుగంటుతున్నాయి. అప్పుడు పెద్దసారు ఓడ ఒక్కటే రేవుకొచ్చింది. దాని నమూనాలో నీటి పాలు హద్దుకు వెంట్రుకవాసి ఇవతల ఉంది. అంటే పాసే. కానీ ఆమె చేతిలో ఒక నిబంధన ఉంది: అనుమానం వస్తే విదేశంలోని వేరే ల్యాబుకు పంపవచ్చు, జవాబు వచ్చేదాకా ఓడ దించకూడదు. ఓడ ఆగినన్ని రోజుల అద్దె అమ్మేవాడి నెత్తినే పడుతుంది. ఆ నిబంధనను అంతకుముందు ఎవరూ వాడలేదు.

ఆమె సీసాకు మూత బిగించింది. "దీన్ని బయటి ల్యాబుకు పంపండి."

సహాయకురాలు తెల్లబోయింది. "మేడమ్, ఇది పాసే కదా? రెండుసార్లు చూశాం."

"మూడోసారి వాళ్ళు చూస్తారు."

ఓడ సముద్రంలో అలాగే నిలబడిపోయింది. ఊళ్ళో ముందు కార్ల వరసలు పెరిగాయి, తర్వాత వరసలే లేకుండా పోయాయి, ఎందుకంటే బంకులు మూసేశారు. బస్సులు డిపోల్లో పడుకున్నాయి. కూరగాయల ధరలకు రెక్కలొచ్చాయి. ఆమె రోజూ నడిచి ఆఫీసుకు పోతూ, ఖాళీ డబ్బాలు పట్టుకుని ఎండలో కూర్చున్న ఆడవాళ్ళను చూసేది. జాలి కలగలేదంటే అబద్ధం. కలిగింది. కానీ సముద్రం వైపు తల తిప్పి, కదలకుండా నిలబడ్డ ఆ ఓడను చూడగానే కడుపులో చల్లగా ఉండేది.

అనుకున్నట్టే పెద్దసారు వచ్చాడు. ముందు మేనేజరు చేత ఫోన్ చేయించాడు, "రూలు ప్రకారమే చేశాను సార్" అందామె. తర్వాత తనే వచ్చాడు. మోకాళ్ళు పట్టేసినట్టున్నాయి, ల్యాబు బల్ల పట్టుకుని నిలబడ్డాడు. కూర్చోమని ఆమె అనలేదు.

"ఏంటమ్మా ఈ పని? నేనీ కుర్చీల్లో కూర్చునే నాటికి నువ్వు పలక పట్టుకుని తిరుగుతుండి ఉంటావు. నాకు రూల్సు చెప్తున్నావా?"

"చెప్పడం లేదు సార్. పాటిస్తున్నాను."

గొంతు తగ్గించాడు. "నీకేం కావాలో చెప్పు. ఎవరికైనా ఉద్యోగమా? ఇంటి స్థలమా?"

ఆమె సీసాల మీద చీటీలు అంటించుకుంటూ పోయింది. ఆయన ముఖం వాడిపోయింది. "ఈ సరుకు కోసం ఇల్లు తాకట్టు పెట్టానమ్మా. ఇంకో వారం ఇలాగే ఆగితే రోడ్డున పడతాను. నేను నీకేం అన్యాయం చేశాను?"

"మైనం ఇంజినీరు చెల్లెల్ని."

ఆయన కళ్ళు చిట్లించాడు. ఆ చూపులో భయం కోసం వెతికింది ఆమె. భయం లేదు. గుర్తు రాక వెతుక్కుంటున్నాడు, అంతే. "ఎవరూ... ఓ, ఆ బావుల కుర్రాడా! అబ్బో, అది ఏనాటి మాట! అతనింకా ఉన్నాడా?"

ఆమెకు ఒళ్ళంతా కారం రాసినట్టయింది. తన ఇంట్లో పొద్దున లేస్తే కనపడే గాయం, దాన్ని చేసినవాడికి జ్ఞాపకం కూడా లేదు.

"ఉన్నాడు. మోటార్లు బాగుచేస్తున్నాడు," అంది. "మధ్యాహ్నం క్యాంటీనుకు రండి. షిఫ్టు మారే వేళ అందరూ ఉంటారు. మా అన్నయ్య మీకేం చెప్పాడో, మీరు విచారణలో ఏం చెప్పారో, వాళ్ళందరి ముందూ నిలబడి చెప్పండి."

"చెప్తే ఓడ వదులుతావా?"

"ముందు చెప్పండి. తర్వాత చూసుకుందాం."

తన మాటనే ఆమె తనకు అప్పజెప్పిందని ఆయనకు తట్టలేదు.

క్యాంటీనులో పళ్ళాల చప్పుడు మధ్య పెద్దసారు నిలబడ్డాడు. చెప్పాడు. గుట్టల చమురు చల్లబడితే గడ్డకడుతుందని ఆ మైనం ఇంజినీరు ముందే చెప్పాడని, డబ్బా బోర్లించి మరీ చూపించాడని, మంత్రిగారి తేదీ కోసం తనే వినలేదని, విచారణలో అబద్ధం చెప్పానని. సీసాలమ్మ తలుపు దగ్గర చేతులు కట్టుకుని వింది. ఈ మాటల కోసం సగం జీవితం ఎదురుచూసింది.

కానీ అక్కడ తినేవాళ్ళంతా పాతికేళ్ళ వయసువాళ్ళు. అన్నయ్యను ఎగతాళి చేసినవాళ్ళందరూ ఎప్పుడో రిటైరైపోయారు. "ఎవర్రా ఈ ముసలాయన?" అన్నారొకరు. "మైనం ఇంజినీరంటే ఎవరు?" అన్నారింకొకరు. మూల బల్ల దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. సీసాలమ్మ కట్టుకున్న చేతులు విప్పింది. ఇంత చేసింది ఈ చెవిటి గోడల ముందు శంఖం ఊదడానికా?

అప్పుడొక పంపు ఆపరేటరు చేయి కడుక్కుంటూ వెనక్కి తిరిగాడు. "ఆగండి సార్. అంటే మన గుట్టల చమురు చెడ్డది కాదా?"

పెద్దసారు నీళ్ళు నమిలాడు. "చెడ్డదని కాదు... వేడిచేసి పంపాలి. ఇక్కడ వేరే టవర్ ఉండాలి."

"మరి అప్పుడే కట్టలేదేం?"

"ఖర్చు ఎక్కువ. ఏళ్ళు పడుతుంది. ఆలోగా కొనుక్కోక తప్పదు కదా."

"ఆలోగా అంటే కొన్నేళ్ళు. ఇప్పటిదాకా పునాదైనా పడలేదే?"

పెద్దసారు తలుపు వైపు చూశాడు. వెనక నుంచి ఎవరో అందుకున్నారు. "టవర్ లేస్తే ఈయన ఓడలెవరు కొంటారు? అది చెప్పడేం?"

అంతే, పళ్ళాలు పక్కకు జరిగాయి. సగంమంది ఫోన్లు పైకి లేచాయి. రోజులకొద్దీ బంకుల ముందు ఎండిన జనానికి ఆ సాయంత్రమే ఆ మాటలు చేరాయి. మన చమురు మనకుండగా మనల్ని ఎందుకు ఎండబెట్టారని రిఫైనరీ గేటు ముందు కూర్చున్నారు. వాళ్ళను ఆ వారం ఎండబెట్టింది ఎవరో వాళ్ళకు తెలియదు.

ఓడ వదిలిందా అంటే, ఆ రోజు వదల్లేదు. పెద్దసారు ల్యాబు బయట బెంచీ మీద కూర్చుని ఎదురుచూశాడు. ఆమె ఆయన ముందు నుంచే ఇంటికి వెళ్ళిపోయింది. విదేశం నుంచి 'బాగుంది' అని జవాబొచ్చాకే సంతకం పెట్టింది. చమురు దిగింది, బంకులు తెరుచుకున్నాయి. పెద్దసారు కాంట్రాక్టు మాత్రం రద్దయింది. ఓడ అద్దె కింద ఇల్లు పోయింది. సామాను లారీకెక్కిస్తుంటే చూడటానికి ఆమె పనిగట్టుకుని ఆ వీధి దాకా నడిచివెళ్ళి, ఎదురు అరుగు మీద నిలబడి, చివరి కుర్చీ ఎక్కేదాకా చూసి వచ్చింది.

ఆ రోజు ఇంటికొచ్చేసరికి అన్నయ్య షెడ్డులో ఉన్నాడు. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంటూ నవ్వింది. "నీ బాకీ తీర్చేశాను, అన్నయ్యా."

ఆయన మోటారు కింద పెట్టాడు. "ఒక్కటడుగుతాను. ఆ ఓడ చమురు బాగానే ఉందా?"

"ఉంది."

"మొదటి రోజే తెలుసా నీకు?"

"తెలుసు."

"ఎదురింటావిడని వారం వారం రక్తం శుద్ధి చేయించడానికి తీసుకెళ్ళాలి. బస్సు లేదు, అంబులెన్సు రాలేదు. తోపుడుబండి మీద పడుకోబెట్టి నేనూ మీ వదినా ఆసుపత్రి దాకా తోశాం. దారంతా ఆవిడ మూలుగుతూనే ఉంది." ఆయన గొంతు పెరగలేదు. "వాడు నన్నొక్కణ్ణే బలిపెట్టాడే. నువ్వు నా పేరు చెప్పి ఊరిని బలిపెట్టావు."

ఆమె తల దించలేదు. "వాడికి నువ్వు బతికున్నావో లేదో కూడా తెలీదన్నయ్యా! ఇప్పుడు తెలుసు. చచ్చేదాకా మర్చిపోడు. మళ్ళీ అవకాశమొస్తే మళ్ళీ ఇదే చేస్తాను."

అన్నయ్య లేచి చేతులు కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు. ఆనాటి నుంచి ఆమెతో మాట మానేశాడు. వదిన అన్నం పెట్టేది, కానీ కత్తిపీట సామెత మళ్ళీ ఎత్తలేదు.

గేటు ముందు జనం లేవకపోయేసరికి ప్రభుత్వం దిగివచ్చింది. బావుల మూతలు తీయిస్తామంది. గుట్టల చమురు సంగతి తెలిసిన మనిషి కోసం వెతికి, మోటార్ల షెడ్డుకు కారు పంపింది. వెళ్తాడో వెళ్ళడో అనుకున్నారు. వెళ్ళాడు. టవర్‌కు పునాది తవ్వుతున్నారు. అది లేచి పని మొదలుపెట్టడానికి ఏళ్ళు పడుతుంది. ఈలోగా ఓడలు వస్తూనే ఉన్నాయి, ఇంకో వ్యాపారివి. సీసాలమ్మ నమూనాలు చూసి ఊఁ అంటూనే ఉంది.

ఒక ఉదయం ల్యాబు తలుపు తెరుచుకుంది. తెల్ల హెల్మెటు పెట్టుకుని అన్నయ్య నిలబడి ఉన్నాడు. వెనక కుర్ర ఆపరేటర్లు 'ఇంజినీరుగారూ' అంటూ ఏదో అడుగుతున్నారు. ఆ పిలుపు వినగానే ఆమె కుర్చీలోంచి లేచింది. ఆయన లోపలికొచ్చి నల్లటి సీసా ఒకటి బల్ల మీద పెట్టాడు.

"కొత్త బావిది. ఎంత చల్లబడితే గడ్డకడుతుందో చూడాలి. రేపటికి కావాలి," అని తలుపు దాకా వెళ్ళి, ఆగి, "మేడమ్," అన్నాడు.

"సరే, ఇంజినీరుగారూ," అంది.

తలుపు మూసుకుంది. ఆమె కాసేపు కూర్చుంది. ఏడుపు వస్తుందేమో అని చూసుకుంది, రాలేదు. పశ్చాత్తాపం వస్తుందేమో అని కూడా చూసుకుంది. అదీ రాలేదు. లేచి, సీసాను వేడినీళ్ళ తొట్టిలో నిలబెట్టి, లోపలి నలుపు మెల్లగా కరగడం చూస్తూ నిలబడింది.