నల్లనీళ్లు

శనివారం పొద్దున్నే మొగుడి పనిబట్టలు తొట్టిలో నానేసింది యాస్నా. నీళ్లు అప్పుడే నల్లబడ్డాయి. ఆరేళ్లుగా ఇదే నలుపు. నేరుగా మెషీన్లో వేస్తే మిగతా బట్టలకు పట్టేస్తుంది కాబట్టి ముందు చేత్తో రుద్దాలి. చిలీ దేశపు దక్షిణ కొసన ఉన్న పుంతా అరేనాస్ చలిలో వేళ్లు కొంకర్లు పోతాయి. గోళ్లలో దూరిన పొడి బుధవారం దాకా వదలదు. ఆ చేతులు చూసి రొట్టెల దుకాణం పిల్ల ఒకసారి చిల్లర చేతికివ్వకుండా బల్ల మీద పడేసింది.

మొగుడు బ్రౌలియో పనిచేసేది ఊరి చివరి షెడ్డులో. నీళ్ల నుంచి హైడ్రోజన్ తీసే యంత్రాలు పాడైపోతే అక్కడికొస్తాయి. వాటిని విప్పి, లోపలి పొరల మీది నల్లపూత గీకి, ఖరీదైన లోహాలు తీస్తారు. అక్కడ తొడుగులూ మాస్కూ లేకుండా ఆ పొడి దగ్గరికి ఎవర్నీ రానివ్వరు. ఇక్కడ యాస్నా వట్టి చేతులతో రుద్దుతుంది. ఏం పొడి ఇదని మొదట్లో అడిగితే, "మసిలే, ఉతికితే పోతుంది. ఇంట్లో ఖాళీగా ఉండేదానివి, నీకేం నొప్పి?" అన్నాడు. అత్త సునిల్దా అందుకుంది: "మా ఆయన బొగ్గుగనిలో చేశాడు. ఒక్కరోజైనా నోరెత్తానా?" ఎత్తి ఉంటే బాగుండేదని అప్పుడే అనాల్సింది. అనలేదు. ఆ కోపం ఇప్పటికీ తన మీదే.

బ్రౌలియో గొట్టంతో మాతే తేనీరు పీలుస్తూ వచ్చి గుమ్మానికి ఆనుకున్నాడు.

"ఇదే ఆఖరు. సోమవారం నుంచి బట్టలు ఇంటికి తేవద్దన్నారు. లెక్కలో ఇరీడియం లోహం తగ్గుతోందని వెతికితే, మా బట్టలకు అంటుకుని పోతోందట. బంగారం కన్నా అరుదట అది! ఇకమీదట షెడ్డులోనే ఉతికించి, ఆ నీళ్లు వడగడతారట. దానికో ఉద్యోగం కూడా వేశారు." అని పగలబడి నవ్వాడు. "ఇన్నాళ్లూ అదంతా కాలవలో పోశావు కదే!"

పోశావు. మోసుకొచ్చింది అతను, పారబోసింది ఆమె. యాస్నాకి ఒళ్లు మండిపోయింది.

"ఆ ఉద్యోగం నేనడుగుతా."

"నువ్వా? దానికి అనుభవం కావాలి. నువ్వెప్పుడు పనిచేశావ్?"

లోపల్నుంచి అత్త, "ఇంట్లో వంటెవరు చేస్తారూ?" అంది.

నువ్వెప్పుడు పనిచేశావ్. ఆ నలుపులో మోచేతుల దాకా మునిగి ఉన్న మనిషిని పట్టుకుని అడిగాడా మాట! చెంప పగలగొట్టాలనిపించింది. బదులుగా బట్టలు పిండి, నీళ్లన్నీ మూత ఉన్న బకెట్లోకి వంపింది. కోటు తొడుక్కుంది.

"ఆ మురికినీళ్లు ఎక్కడికే?" అన్నాడు బ్రౌలియో.

"వాటి సొంతదారుల దగ్గరికి."

బస్సులో బకెట్‌ను కాళ్ల మధ్య పెట్టుకుని కూర్చుంది. శనివారం పనివాళ్లకు సెలవైనా షెడ్డు ఆఫీసు ఒంటిపూట ఉంటుంది కాబట్టి ఇంకా తెరిచే ఉంది. బల్ల వెనకున్న అమ్మాయి ముక్కు చిట్లించింది.

"మీ ఆయన పని మీద వచ్చారా, సెన్యోరా?"

"కాదు. ఉతికే ఉద్యోగం నాకు కావాలి. ఇవిగో, ఈ వారం నీళ్లు. మీ ఇంజినీర్ని పిలిచి చూపించు."

ఆ అమ్మాయి బకెట్ మూత తీసి చూసింది. దరఖాస్తు అందించింది. యాస్నా వేళ్ల నలుపు కాగితం అంచుకు అంటుకుంది. ఇలాంటి పనిలో అనుభవం? ఆరేళ్లు అని రాసింది. ఎవరి దగ్గర పనిచేశారు?

కలం గట్టిగా నొక్కి రాసింది: మీ దగ్గరే.