పేరున్నవాళ్ళే పోటీ

గోదావరి ఎన్‌క్లేవ్‌లో ప్రెసిడెంటు అంటే బుల్లబ్బాయి గారే. అమీర్‌పేట మెట్రో స్టేషను వెనక సందులో ఆ అయిదంతస్తుల అపార్ట్‌మెంటు లేచిన నాటి నుంచీ ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చోలేదు. కూర్చోవాలని ఎవరికీ ఉబలాటం లేదు కూడా. పై అంతస్తుకు నీళ్ళెక్కకపోయినా, కింద దోమలు ఎక్కువైనా తిట్లు తినేది ప్రెసిడెంటే కాబట్టి, ఆ భాగ్యమేదో ఆయనకే ఉండనిమ్మని అందరూ పెద్దమనసుతో వదిలేశారు. ఆయనకు మాత్రం అది ఢిల్లీలో రాష్ట్రపతి పదవి కంటే ఎక్కువ. కరెంటాఫీసులో సూపరింటెండెంటుగా రిటైరైన మనిషి ఇప్పటికీ పొద్దున్నే ఇస్త్రీ చొక్కా తొడుక్కుంటున్నారంటే ఆ కుర్చీ చలవే.

ఆ సంగతి భార్య హైమవతికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఏడాదిగా ఆయనకు మతిమరుపు ముదురుతోంది. సోమాజిగూడ డాక్టరు స్కాను చూసి, ఇది తగ్గేది కాదమ్మా, పెరిగేదే అన్నాడు. ఆమె ఆ మాట కడుపులో పెట్టుకుని తిరిగింది. ఎవరైనా ఎదురైతే ఆయన తడుముకోకముందే పేరు అందించేది. మతి ఎటు పోతున్నా, చొక్కా తొడుక్కుని కిందికి దిగితే మళ్ళీ మనిషిలా ఉంటున్నారు కదా అని ఓర్చుకునేది.

దాపరికం ఎన్నాళ్ళు సాగుతుంది? మొన్నొక సాయంత్రం లిఫ్టు రిపేరువాళ్ళు వస్తున్నారనుకుని ఆయన మెయిన్ స్విచ్ ఆపేసి, మీటర్ల గదికి తాళం వేసి, షికారుకు వెళ్ళిపోయారు. రిపేరువాళ్ళెవరూ రాలేదు. లిఫ్టులో మాత్రం మూడో అంతస్తు రాజనర్సయ్య మనవరాలు మానస ఉంది. పంజాగుట్ట ఫ్లైఓవరు కింద, ఎటు వెళ్ళాలో తెలియక నిలబడిన ఆయన్ని వెతికి పట్టుకొచ్చేసరికి, చీకట్లో ఏడ్చి ఏడ్చి ఆ పిల్ల సొమ్మసిల్లింది. "తాళమా? నా దగ్గరెందుకుంటుంది?" అన్నారాయన, జేబులో తాళం పెట్టుకుని.

మర్నాడు మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తున్న వేళ చూసుకుని రాజనర్సయ్య వచ్చాడు. ఇరవయ్యేళ్ళ పొరుగు. హైమవతిని చెల్లె అంటాడు, ఆ వరసనే బుల్లబ్బాయి గారిని బావ అంటాడు.

"చెల్లె, నేను కొట్లాటకు రాలే. పోరి మంచిగనే ఉన్నది. గని రేపు ఇంకొకరి పిల్ల ఇరుక్కుంటె ఎట్ల? నీళ్ళు, లిఫ్టు, కరెంటు అన్ని బావ చేతులనే ఉన్నయి."

"ఆ కుర్చీ తీసేస్తే ఆయన మంచం పట్టేస్తారు అన్నయ్యగారూ."

"ఉంచితె?"

ఆమె లోపల పడుకున్న ఆయన వైపు చూసింది.

"మరి ఆదివారం మీటింగుల చెప్పుమంటవా? బావకు మతి తప్పిందని గంతమంది ముంగట నేనెట్లంట? నాకు నోరు రాదు."

"అనొద్దు. ఎవరినీ అననివ్వొద్దు. మీకు దణ్ణం పెడతాను." ఆమె చీర కొంగు వేలికి చుట్టుకుంది. మెల్లిగా అంది. "ఒక రూలు పెట్టండి. ఇప్పుడు ఇంట్లోవాళ్ళెవరైనా ప్రెసిడెంటుగా నిలబడొచ్చు కదా. ఇకమీదట ఫ్లాటు రిజిస్ట్రేషన్ కాగితాల్లో పేరున్నవాళ్ళే నిలబడాలని పెట్టండి. ఆయన్ని ఎవరూ ఏమీ అన్నట్టుండదు."

"బావ పేరు లేదా?"

"ఫ్లాటు నా పేరు మీదే కొన్నారు."

బుల్లబ్బాయి గారి తండ్రి చనిపోయిన ఏడాదే బాబాయిలు ఆయన తల్లిని తణుకులో వీధిన నిలబెట్టారు. ఆ సంగతి ఆయన ఎన్నడూ మర్చిపోలేదు. రిజిస్ట్రేషన్ రోజున బయటికొస్తూ, "నాకేమైనా అయినా సరే, నిన్ను ఆ ఇంటి గడప దాటమనే హక్కు ఎవడికీ ఉండకూడదు హైమా" అన్నారు. ఆ మాటకు ఆవిడ రోడ్డు మీదే ఏడ్చేసింది. ఇప్పుడు ఆ ప్రేమనే పట్టుకుని ఆయన్ని కుర్చీలోంచి లాగుతున్నానని తలుచుకుంటే ఆమెకు తన మీద తనకే అసహ్యమేసింది.

ఆదివారం పొద్దున సెల్లారులో ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. సెక్రటరీ భావన తలెత్తకుండా కొత్త రూలు చదివింది. రెండో అంతస్తు వంశీకృష్ణ వెంటనే లేచాడు. అతనికి లోపలి సంగతి తెలియదు.

"ఇదేంటండీ! భారత రాష్ట్రపతికే ముప్పై అయిదేళ్ళు నిండితే చాలు. మన మోటారు వేసే ప్రెసిడెంటుకి ఇన్ని షరతులా? పనిచేసే మనిషా కాదా అని చూడాలి గానీ, కాగితంలో పేరు చూస్తారా?"

కొందరు నవ్వారు. హైమవతికి ఆ కుర్రాడి కాళ్ళకు మొక్కాలనిపించింది. అతని మాట నెగ్గితే బాగుండునని ఒక క్షణం, నెగ్గితే రేపు లిఫ్టులో ఇంకే పిల్ల ఉంటుందోనని ఇంకో క్షణం.

చేతులు లేచాయి. మూడింట రెండొంతులు కావాలి, ఒక్క చెయ్యి తక్కువైంది. రాజనర్సయ్య చెయ్యెత్తే ఉంచి ఆమె వైపు చూశాడు. రూలు పెట్టమన్నది తానే, హైమవతి చెయ్యి మాత్రం ఒళ్ళోంచి లేవనంటోంది.

అప్పుడు బుల్లబ్బాయి గారు గొంతు సవరించుకున్నారు.

"వంశీ, నువ్వు చిన్నవాడివి. రూలన్నాక గట్టిగా ఉండాలయ్యా. ఇంటి మీద పేరే లేనివాడికి ఇంటి బాధ ఏం తెలుస్తుంది? రేపు దారిన పోయే ప్రతివాడూ వచ్చి ఈ కుర్చీలో కూర్చుంటానంటాడు." ఆయన అందరినీ ఒకసారి కలియజూశారు. చూపు భార్య దగ్గర ఆగింది. "ఏంటి హైమా, ఆలోచిస్తున్నావు? మంచి రూలు. చెయ్యెత్తు."

వంశీకృష్ణ కూడా అప్పుడే ఏదో అర్థమై కూర్చుండిపోయాడు. ఆమె చెయ్యెత్తింది. ఆయన సంతోషంగా లెక్కపెట్టుకుని, రూలు నెగ్గిందని ప్రకటించారు. చప్పట్లు కొట్టింది కూడా ఆయనొక్కరే.

"ఇక ప్రెసిడెంటు ఎన్నిక. ఎప్పట్లాగే నేను నిలబడుతున్నాను. పోటీకి ఎవరైనా ఉన్నారా?" అని నవ్వారు.

రాజనర్సయ్య మొహం గోడవైపు తిప్పుకున్నాడు. ఈ మాట చెప్పవలసింది తానేనని హైమవతికి తెలుసు. లేచి వెళ్ళి, ఆయన చెవి దగ్గర మెల్లిగా చెప్పింది.

"మీరు నిలబడకూడదండీ. కాగితాల్లో మీ పేరు లేదు."

"లేదా?" ఆయన గొంతు సెల్లారంతా వినిపించింది. "నా పేరు ఎవరు తీసేశారు? నేనేం తప్పు చేశాను?"

ఎవరి ముందు ఏం దాచాలని ఇంత చేసిందో, అదంతా వాళ్ళ ముందే బయటపడింది. ఇక దాచేందుకేం మిగల్లేదు. ఆమె ఆయన రెండు చేతులూ పట్టుకుంది.

"ఎవరూ తియ్యలేదండీ. మీరే నా పేరు పెట్టించారు."

"నేనా? ఎందుకు?"

ఆమె చెప్పింది. అత్తగారిని వీధిన నిలబెట్టిన సంగతి చెప్పింది. గడప దాటమనే హక్కు ఎవడికీ ఉండకూడదన్న మాట కూడా, అంతమందిలోనూ చెప్పింది. ఆయన మధ్యలో అడ్డు రాకుండా, తల పంకిస్తూ, ఎవరింటి కబురో వింటున్నట్టు శ్రద్ధగా విన్నారు.

"మంచి పని చేశాడమ్మా ఆయన," అన్నారు. "ఇంక మీకేం భయం లేదు."