సోంబరు పెదనాన్న వేలిముద్ర

మా నాన్న రవిబాబు ఒక కాఫీ కంపెనీలో ఫీల్డ్ ఆఫీసరు. అరకు పైన కొండల్లో ఊరూరా తిరిగి రైతుల తోటలు చూస్తాడు. జీపు దిగాక నడకే. మధ్యాహ్నం ఏ ఊళ్లో ఉంటే ఆ ఊళ్లో ఎవరింట్లోనో తింటాడు. మా కొండల్లో అన్నానికి డబ్బు ఇవ్వరు, తీసుకోరు. అందుకని నాన్న సంతలో ఎండు చేపలో, ఉప్పో, పొగాకో కొని పట్టుకెళ్తాడు. తిండి ఖర్చుకని కంపెనీ ఇచ్చే డబ్బు అలాగే అయిపోతుంది.

నేను పదో తరగతి చదివిన ఏడాది, ఫిబ్రవరిలో, విశాఖ ఆఫీసు నుంచి అకౌంటెంటు లక్ష్మీప్రసాద్ గారు ఫోను చేశారు. ప్రయాణానికి, తిండికి ఇచ్చిన డబ్బుకు రుజువులు చూపిస్తే దాని మీద పన్ను ఉండదట. లేకపోతే జీతంలో కలిపేస్తారు. కలిపితే నాన్న పన్ను పడే గీత దాటుతాడు. మార్చి జీతంలో సగం పోతుంది.

"జీపు సంగతి నేను సర్దుతాను. భోజనాల బిల్లులేవీ?" అని అడిగారాయన.

"ఇళ్లలో తింటాను సార్. బదులుగా ఎండు చేపలు అవీ ఇత్తాను."

"ఎండు చేపలకి పన్ను మినహాయింపు ఎలా రాయనండీ? ఫైలు వాసన చూసే పట్టుకుంటారు నన్ను." ఆయన నవ్వారు. "పోనీ, అన్నం పెట్టినవాళ్ల చేత డబ్బు ముట్టిందని వేలిముద్ర వేయించి తెండి. చాలు."

నా రాత బాగుంటుందని నాన్న ఆ కాగితం నా చేత రాయించాడు. నాన్న ఎక్కువసార్లు తిన్నది సోంబరు పెదనాన్న ఇంట్లో. సొంత అన్న కాదు, వరసకి అన్న. అయినా ఆ ఇంట్లో నాన్నకొక కంచం ఉంది. ఆదివారం నన్నూ వెంట తీసుకెళ్లాడు.

కాగితమేమిటని పెదనాన్న అడగనైనా లేదు. బొటనవేలు చాపాడు. నాన్న స్టాంపు ప్యాడ్ మూత తీస్తున్నాడు. ఎవరి ముందూ నోరు విప్పని దాన్ని, అప్పుడే విప్పాను. చదివి వినిపించకుండా ఎవరి చేతా వేలిముద్ర వేయించకూడదని మా సోషల్ టీచరు చెప్పారు. అందుకని పైకి చదివాను.

"రవిబాబు గారికి నలభై రెండు పూటలు భోజనం పెట్టినందుకు, పూటకు నూట ఇరవై రూపాయల చొప్పున నాకు ముట్టినది."

పొయ్యి దగ్గర యర్రమ్మ పెద్దమ్మ గరిటె ఆపింది.

"ఎవులికి ముట్టింది?"

"ఉత్తినే ఒదినా, ఆఫీసోళ్ల కోసం," అన్నాడు నాన్న.

"కూడు అమ్ముకున్నామని రాసినావా?"

"లేకపోతే పన్ను పడిపోతాదొదినా."

"పడితే కట్టుకో. మమ్మల్నేటి సేత్తన్నావు?"

"పోనియ్యే, కాగితమే గదా," అని పెదనాన్న వేలు సిరాకి ఒత్తి కాగితం మీద అద్దేశాడు. నాన్న వైపు మాత్రం చూడలేదు.

పెద్దమ్మ ఎప్పటిలాగే సామ అన్నం, కందిపులుసు మా ఇద్దరికీ పెట్టింది. నాన్న తిని చెయ్యి కడుక్కుని వచ్చేసరికి గుమ్మంలో చెయ్యి చాపి నిలబడి ఉంది.

"నూట ఇరవై." నన్ను చూపించింది. "ఈ గుంట తిన్నదానికి ఇంకో నూట ఇరవై."

నాన్న నవ్వబోయాడు. ఆమె నవ్వలేదు.

"కాగితం అబద్ధమాడకూడదు గదా. తే."

నాన్న ఇచ్చాడు. ఆమె నోట్ల వైపు చూడకుండానే కొంగున ముడేసుకుంది.

కొండ దిగుతుంటే, "సదవమని నిన్నెవులు అడిగారు?" అన్నాడు నాన్న. కాగితం చింపేస్తాడేమో అనుకున్నాను. చింపలేదు. మంగళవారం విశాఖ పంపించాడు. పన్ను పడలేదు. నేను రోజూ డైరీ రాసేదాన్ని; ఆ ఆదివారం పేజీలో తేదీ మాత్రం వేసి మూసేశాను.

ఇప్పుడు ఆ ఊరు వెళ్లే రోజున అమ్మ నాన్నకు టిఫిన్ క్యారేజీ కడుతోంది. ఊరి బయట వాగు దగ్గర, గెడ్డ ఒడ్డున కూర్చుని తింటాడట. పెదనాన్న తోటలోంచి, "తిన్నావా తమ్ముడూ?" అని కేకేస్తాడట. తిన్నానంటాడట నాన్న. ఇంటికి రమ్మని మాత్రం ఆయన అనడు.